పొలిమేర గీసేదెవరు?

పోయిన ఎండాకాలం అమ్మానాన్నలు మా దగ్గరికి వచ్చి మూడు నెలలున్నారు. మేముండేది ఒరెగాన్ రాష్ట్రంలో, పోర్ట్‌లండ్‌కి పడమటివైపు వాషింగ్టన్ కౌంటీలో. నాన్నకి తెల్లారగట్ల నడక అలవాటు. వచ్చిన మూడో రోజే నడక నుంచి తిరిగొచ్చి, చెప్పులు విప్పకుండానే అడిగాడు.

"ఏందిరా ఇది? రోడ్డుకి ఇవతల సందులేకుండా ఇండ్లు. రోడ్డు దాటితే మొత్తం చేను. ఒక్క గుడిసె లేదు. అవతల భూమి ఎవరిది? గవర్నమెంటుదా?"

కాదు నాన్నా, రైతులదే అన్నాను.

"మరి అమ్ముకోడా? ఎకరం ఎంతుంటది?"

అదీ ప్రశ్న! ఆ రోడ్డుకి ఇవతల ఎకరానికి పలికే ధరలో అవతల చాలా చిన్న వంతు కూడా రాదు. మట్టి ఒకటే, వాన ఒకటే, మధ్యలో ఉన్నది రెండు లైన్ల తారు రోడ్డు. తేడా అంతా కౌంటీ ఆఫీసులో ఉన్న మ్యాపు మీద గీసిన ఒక గీతలో ఉంది. దాన్ని ఇక్కడ అర్బన్ గ్రోత్ బౌండరీ అంటారు. మన భాషలో దీనికి అంతకంటే మంచి మాట ఎప్పటినుంచో ఉంది, పొలిమేర.

నాన్నకి అప్పుడు నాలుగు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే పొలిమేర గీతతో మా ఇంట్లో ఒక పాత లెక్క ఉంది. మాది శంషాబాద్ అవతల పల్లె. 2005లో మా మూడెకరాలు అమ్మేశాం, నా చెల్లెలి పెళ్ళికి. ఆ తర్వాత ఆరు నెలలకి ఆ సర్వే నంబర్లు వ్యవసాయ జోన్‌లోంచి నివాస జోన్‌లోకి మారబోతున్నాయన్న వార్త ఊళ్ళోకి వచ్చింది. రేటు నాలుగింతలయింది. కొన్నాయనకి ఆ సంగతి ముందే తెలుసని నాన్న ఈనాటికీ నమ్ముతాడు. తెలుసో తెలీదో నేను చెప్పలేను. మాకు మాత్రం తెలీదు. ఆ మార్పు ఎవరు అడిగారో, ఎవరు ఒప్పుకున్నారో, ఏ కారణం రాశారో మాకు ఎవ్వరూ చెప్పలేదు.

అందుకే ఇక్కడి గీత కథ తవ్వటం మొదలుపెట్టాను. తవ్వగా తేలిందేమిటంటే, ఈ కథలో ముఖ్యమైన మలుపుల్లో ఒకటి మా కౌంటీలోనే జరిగింది, 1973లో. అది చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

అమెరికాలో ఊరంతటికీ కలిపి జోనింగ్ నియమాలు మొదట పెట్టింది న్యూయార్క్ నగరం, 1916లో. ఇది ఇండ్ల చోటు, ఇది దుకాణాల చోటు, ఇది ఫ్యాక్టరీల చోటు అని మ్యాపు మీద రంగులు వెయ్యటం. పదేళ్ళు తిరిగేసరికి వందల ఊళ్ళు అదే బాట పట్టాయి. క్లీవ్‌లండ్ పక్కనున్న యూక్లిడ్ అనే చిన్న ఊళ్ళో ఆంబ్లర్ రియాల్టీ అనే కంపెనీకి 68 ఎకరాలుండేవి. ఫ్యాక్టరీలొస్తే ఎకరం 10 వేల డాలర్లకి పోతుంది, ఇండ్ల జోన్‌లో పెడితే 2,500 కూడా రాదు, నా ఆస్తిని గీత గీసి లాక్కున్నారు అని ఆ కంపెనీ సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1926లో కోర్టు 6-3తో ఊరి పక్షాన తీర్పిచ్చింది. ఊరి బాగు కోసం ఇలాంటి గీతలు గీసే అధికారం ఊరికి ఉంది పొమ్మంది.

అక్కడితో గీత గీయవచ్చా అనే ప్రశ్న తీరింది. కానీ అసలు తంటా గీయటంలో లేదు, చెరపటంలో ఉంది. మొదటిసారి మ్యాపు గీసేటప్పుడు ఊరంతా చూస్తుంది. ఆ తర్వాత ఒక్కొక్కరే వస్తారు. అయ్యా, నా ముప్పై ఎకరాలకి మాత్రం రంగు మార్చండి అంటారు. కౌంటీ కమిషనర్లు ఒక సాయంత్రం కూర్చుని చేతులెత్తుతారు. పని అయిపోతుంది. పక్కవాడు కోర్టుకెళ్తే కోర్టు ఏమనేది? జోన్ మార్చటం కూడా చట్టం చెయ్యటం లాంటిదే, శాసనసభ చట్టం ఎందుకు చేసిందని మేం అడుగుతామా, అలాగే కమిషనర్లనీ అడగం అనేది. మరీ దారుణం అయితే తప్ప జోక్యం చేసుకునేది కాదు. అంటే కమిషనర్లు కారణం చెప్పక్కర్లేదు. బిల్డరుతో ముందురోజు రాత్రి భోజనం చేసినా ఫరవాలేదు. శాసనసభ్యులు ఎవరితోనైనా మాట్లాడతారు కదా!

ఇప్పుడు మా కౌంటీకి వద్దాం. 32 ఎకరాలు ఒక డెవలపర్ చేతిలో ఉన్నాయి. 1963 నాటి నియమాల ప్రకారం అది విడివిడి ఇండ్లకి కేటాయించిన జోన్. దాన్ని మార్చి మొబైల్ హోమ్ పార్కు పెట్టుకోవటానికి అనుమతి అడిగాడు. ప్లానింగ్ కమిషన్ దగ్గర దరఖాస్తు నెగ్గలేదు. పైన ఉన్న కౌంటీ కమిషనర్లు మాత్రం సరే అన్నారు. పక్క ఇండ్లవాళ్ళు దావా వేశారు. కింది కోర్టులో గెలిచారు, అప్పీల్సు కోర్టులో గెలిచారు, 1973లో ఒరెగాన్ సుప్రీంకోర్టులో కూడా గెలిచారు. ఆ కేసు పేరు ఫసానో. అమెరికాలో టౌన్ ప్లానింగ్ చదివేవాళ్ళకి ఈనాటికీ పాఠం.

కోర్టు చెప్పింది వినటానికి చాలా మామూలుగా ఉంటుంది. ఊరంతటికీ వర్తించే విధానం రాయటం శాసనం. సరే. కానీ ఫలానా మనిషికి చెందిన ఫలానా ముక్క వాడకం మార్చాలా వద్దా అని తేల్చటం శాసనం కాదు, అది తీర్పు. తీర్పు చెప్పేవాడు న్యాయమూర్తిలా నడుచుకోవాలి. ఇరుపక్షాల మాటా బహిరంగంగా వినాలి. సాక్ష్యం చూపటానికి, ఎదుటివాడి సాక్ష్యాన్ని ఖండించటానికి అవకాశం ఇవ్వాలి. తీర్పు చెప్పేవాళ్ళు ఒక పక్షంతో చాటుగా మాట్లాడి ఉండకూడదు. ఎందుకు ఒప్పుకున్నారో కాగితం మీద రాయాలి. నిరూపించాల్సిన బరువు మార్పు అడిగేవాడిది, వద్దనేవాడిది కాదు. అడిగే మార్పు ఎంత పెద్దదయితే ఆ బరువు అంత పెద్దది.

మీరు ఒక్కసారి మన ఊళ్ళ సంగతి తలుచుకుని ఈ పేరా మళ్ళీ చదవండి. నేను నాలుగుసార్లు చదివాను.

అయితే ఇందులో ఒక ముల్లు ఉంది, దాచటం ధర్మం కాదు. ఫసానో కేసులో గెలిచినవాళ్ళు సొంత ఇండ్లున్నవాళ్ళు. ఓడిపోయిన పక్షం కట్టాలనుకున్నది మొబైల్ హోమ్ పార్కు, అంటే డబ్బు తక్కువున్నవాళ్ళు ఉండే చోటు. జోనింగ్ చరిత్ర పొడుగునా ఈ ముల్లు ఉంది. 1926 తీర్పులో కూడా ఇండ్ల మధ్య అపార్టుమెంట్లు వస్తే అవి పరాన్నజీవుల్లాంటివని రాశారు. దానికంటే ముందు బాల్టిమోర్ లాంటి నగరాల్లో ఏ రంగు మనిషి ఏ వీధిలో ఉండాలో కూడా చట్టం రాశారు, 1917లో సుప్రీంకోర్టు కొట్టేసేదాకా. గీత మంచిదీ కాదు, చెడ్డదీ కాదు. ఎవరి చేతిలో ఉందనేదే ప్రశ్న.

ఫసానో తీర్పు మార్చి నెలలో వచ్చింది. అదే ఏడాది మే 29న గవర్నర్ టామ్ మెక్‌కాల్ సెనేట్ బిల్లు 100 మీద సంతకం పెట్టాడు. నాన్న చూసిన ఆ ఖాళీ చేనుకి మూలం అది.

దాని వెనక ఉన్న మనిషి పేరు హెక్టర్ మెక్‌ఫర్సన్. లిన్ కౌంటీలో పాడి రైతు, రిపబ్లికన్ పార్టీ, 1970లో రాష్ట్ర సెనేట్‌కి ఎన్నికయ్యాడు. పర్యావరణ ఉద్యమకారుడేం కాదు. విల్లామెట్ లోయ రైతులకి ఎదురైన ఇబ్బంది ఆయనకి స్వయంగా తెలుసు. ఈ లోయ మట్టి మామూలు మట్టి కాదు. మంచుయుగం చివర్లో మోంటానావైపు నుంచి పదేపదే వచ్చిన మహా వరదలు తెచ్చి పోసిన ఒండ్రు ఇది. గడ్డి విత్తనం, బెర్రీలు, ద్రాక్ష, నర్సరీ మొక్కలు, ఏది వేసినా పండుతుంది. అమెరికా మొత్తం మీద పండే హేజిల్‌నట్స్ దాదాపు అన్నీ ఒరెగాన్‌వే, అందులో అత్యధికం ఈ లోయవే. కానీ రాష్ట్ర జనాభాలో ఎక్కువమంది ఉండేది కూడా ఈ లోయలోనే. చేల మధ్యలో ఒక్కొక్క కాలనీ వచ్చి పడుతుంది. కొత్తగా వచ్చినవాళ్ళు ట్రాక్టరు చప్పుడని, ఎరువు కంపని ఫిర్యాదు చేస్తారు. చుట్టుపక్కల భూమి విలువ పెరిగి రైతుకి పన్ను పెరుగుతుంది. పక్క రైతు అమ్మేస్తాడు. వరసగా అన్నీ పోతాయి.

పన్ను సంగతికి 1961లోనే ఒక ఉపాయం చేశారు. వ్యవసాయానికే అని జోన్ చేసిన భూమికి ప్లాటు రేటు మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వెయ్యటం. 1969లో ప్రతి ఊరూ, ప్రతి కౌంటీ జోనింగ్ చెయ్యాల్సిందే అని చట్టం చేశారు. కానీ ఎలా చెయ్యాలో చెప్పలేదు, చెయ్యనివాడిని అడిగే నాథుడూ లేడు. ఒక కౌంటీ బిగిస్తే బిల్డరు పక్క కౌంటీకి పోయేవాడు.

మెక్‌ఫర్సన్ మొదటి బిల్లులో ప్లానింగ్ అధికారం కౌంటీల దగ్గరనుంచి తీసి ప్రాంతీయ మండళ్ళకిచ్చారు. కౌంటీలు భగ్గుమన్నాయి. అప్పుడు కార్మిక నాయకుడిగా పేరున్న ఎల్.బి.డే ఒక కమిటీ పెట్టి, అందరినీ కూర్చోబెట్టి, రాజీ కుదిర్చాడు. గీత గీసేది స్థానికులే. కానీ రాష్ట్రం పెట్టిన లక్ష్యాలకి సరిపోయిందో లేదో రాష్ట్ర కమిషన్ చూస్తుంది. సరిపోకపోతే వెనక్కి పంపుతుంది. సెనేట్‌లో 18-10, హౌస్‌లో 40-20తో నెగ్గింది. ఎల్.బి.డేనే ఆ కమిషన్‌కి మొదటి అధ్యక్షుడు. 1974లో వాళ్ళు రాష్ట్రమంతా తిరిగి సభలు పెట్టారు, పదివేల మందికి పైగా జనం వచ్చారు. ఆ డిసెంబరులో 14 లక్ష్యాలు రాశారు, తర్వాత 19 అయ్యాయి. మూడోది వ్యవసాయ భూమిని వ్యవసాయానికే ఉంచటం. పద్నాలుగోది ప్రతి ఊరి చుట్టూ పొలిమేర గీయటం, 20 ఏళ్ళ అవసరానికి సరిపడా భూమి లోపల పెట్టటం. పొలిమేర శాశ్వతం కాదు, జరపొచ్చు. కానీ జరపాలంటే అవసరం ఉందని చూపించాలి, ముందు పనికిరాని భూమివైపు జరపాలి, మంచి మట్టిని ఆఖరికి ముట్టుకోవాలి.

36 కౌంటీల ప్లాన్లూ ఆమోదం పొందేసరికి 1986 వచ్చింది. ఈలోగా చట్టాన్ని రద్దు చెయ్యమని 1976లో, 1978లో, 1982లో మూడుసార్లు ప్రజల ముందు ఓటుకి పెట్టారు. మూడుసార్లూ జనం వద్దన్నారు. మూడోసారికి మెక్‌కాల్ క్యాన్సర్‌తో ఉన్నాడు, అలాగే ప్రచారం చేశాడు. 1983 జనవరిలో పోయాడు.

ఇంతవరకూ వింటే రామరాజ్యంలా ఉంటుంది. కాదు. రెండోవైపు కూడా చెప్పాలి.

డొరతీ ఇంగ్లీష్ అనే ఆవిడ 1953లో భర్తతో కలిసి పోర్ట్‌లండ్ దగ్గర కొండమీద భూమి కొనుక్కుంది. అప్పటికి ఈ నియమాలేవీ లేవు. ముసలితనంలో దాన్ని ముక్కలు చేసి అమ్ముకుందామంటే కుదరదన్నారు. తొంభై దాటిన ఆవిడ గొంతు 2004 ఎన్నికల్లో రేడియోలో మోగింది. నేను కొన్నప్పుడు లేని గీతని తర్వాత గీసి నా పిల్లలకి ఏమీ లేకుండా చేశారు అన్నదే ఆవిడ మొర. ఆ నవంబరులో మెజర్ 37 అనేది 61 శాతం ఓట్లతో నెగ్గింది. భూమి కొన్న తర్వాత వచ్చిన నియమం వల్ల విలువ తగ్గితే ప్రభుత్వం ఆ నష్టం కట్టాలి, కట్టలేకపోతే ఆ నియమం ఆ మనిషికి ఎత్తెయ్యాలి. కట్టటానికి ఏ కౌంటీ దగ్గరా డబ్బు లేదు. దాదాపు 7 వేల దరఖాస్తులు వచ్చిపడ్డాయి. కొందరు ఒక ఇల్లు అడిగారు, కొందరు వందల ప్లాట్ల కాలనీలు అడిగారు.

మెజర్ 37ని కోర్టులో సవాలు చేసినవాళ్ళలో మొదటి పేరు ఎవరిదనుకున్నారు? మన పాడి రైతు మెక్‌ఫర్సన్‌దే, అప్పటికి ముసలాయన. 2006లో రాష్ట్ర సుప్రీంకోర్టులో ఓడిపోయాడు. కానీ ఆయన కొడుకు గ్రెగ్ అప్పుడు శాసనసభ్యుడు. ఈ సమస్య తేల్చటానికి పెట్టిన ఉమ్మడి కమిటీకి ఇద్దరు అధ్యక్షుల్లో ఒకడు. ఆ కమిటీ రాసిన సవరణే మెజర్ 49. 2007లో 62 శాతం ఓట్లతో నెగ్గింది. మూడిళ్ళ దాకా సులువుగా కట్టుకోవచ్చు, నష్టం నిరూపిస్తే పది దాకా, మంచి సాగుభూమి మీద మాత్రం మూడుకి మించకూడదు, కాలనీలూ మాల్సూ కుదరవు. అదే జనం మూడేళ్ళలో రెండుసార్లు ఓటేసి, ముసలావిడ మొరా విన్నారు, మట్టి మొరా విన్నారు. నాకు ఈ కథలో అన్నిటికంటే నచ్చిన భాగం ఇదే.

మా కౌంటీ విషయానికొస్తే ఇక్కడ గొడవ ఎప్పుడూ ఆరదు, కారణం చిప్పులు. హిల్స్‌బరోలో ఇంటెల్ పెద్ద క్యాంపస్ ఉన్న రాన్లర్ ఏకర్స్ 1960ల్లో మన భాషలో చెప్పాలంటే ఒక ఫెయిలైన వెంచర్. రోడ్లు లేవు, నీళ్ళు లేవు, చిన్న చిన్న ప్లాట్లు మాత్రం ఎక్కడెక్కడివాళ్ళకో అమ్మేశారు. ఆ ముక్కలన్నీ నగరం మళ్ళీ కొని కలిపితేగానీ 1990ల్లో అక్కడ ఫ్యాక్టరీ రాలేదు. అడ్డదిడ్డంగా ముక్కలు చేస్తే పంటా రాదు, పరిశ్రమా రాదు అనటానికి మా ఊళ్ళోనే సాక్ష్యం ఉంది.

2010లో పోర్ట్‌లండ్ చుట్టూ ఉన్న మూడు కౌంటీలు యాభై ఏళ్ళకి సరిపడా ఒక ఒప్పందం చేసుకున్నాయి, ఏది ఊరవుతుంది, ఏది చేనుగా ఉంటుంది అని. 2014 ఫిబ్రవరిలో అప్పీల్సు కోర్టు దాన్ని వెనక్కి కొట్టింది. మా కౌంటీ మంచి మట్టిని కొలిచిన పద్ధతి చట్టానికి సరిపోలేదంది. అంకెలు వేసి లెక్కలా చూపించారు గానీ అది లెక్క కాదన్నట్టు మందలించింది. కొద్దివారాల్లోనే శాసనసభ ఒక రాజీ చట్టం చేసి, కొంత భూమి పొలిమేర లోపలికి తెచ్చి, కొంత పొలాన్ని భద్రం చేసింది. 2023లో చిప్ కంపెనీల కోసం పొలిమేర జరిపే ప్రత్యేక అధికారం గవర్నర్‌కి తాత్కాలికంగా ఇచ్చారు. హిల్స్‌బరో పక్కన 373 ఎకరాల సాగుభూమి మీద కన్ను పడింది. బహిరంగ విచారణ జరిగింది. ఆశించిన కేంద్ర పరిశోధనా సంస్థ వేరే రాష్ట్రాలకి వెళ్ళటంతో 2024 చివర్లో ఆ ఆలోచన మానుకున్నారు. ఆ చేను ఇంకా చేనే.

దీనికి ఖరీదు లేదా అంటే ఉంది. ఇక్కడ ఇండ్ల ధరలు చూసినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. పొలిమేర బిగించినప్పుడు లోపల ఎక్కువ ఇండ్లు కట్టనివ్వాలి, కానీ ఊళ్ళు దశాబ్దాలపాటు ఒక స్థలంలో ఒకే ఇల్లు అనే నియమం పట్టుకుని కూర్చున్నాయి. 2019లో గానీ శాసనసభ ఆ నియమాన్ని ఎత్తెయ్యలేదు. పొలం కాపాడిన పుణ్యంలో సగం ఖర్చు అద్దె కట్టేవాడే భరించాడు.

మన దగ్గర చట్టాలు లేవా? ఉన్నాయి. వ్యవసాయ భూమి మార్పిడికి 2006లో ప్రత్యేకంగా చట్టం చేశారు. దానికంటే ముందున్న 1963 చట్టం పేరు మీద జనం ఇప్పటికీ నాలా అనే అంటారు. హైదరాబాదుకి నీళ్ళిచ్చే జంట జలాశయాల కోసం 1996లో జీవో 111 వచ్చింది, 84 గ్రామాల మీద ఆంక్షలు. 2022లో జీవో 69 వచ్చి ఆ ఆంక్షల్ని ఎత్తివేసే పని మొదలుపెట్టింది. రెంటిలో ఏది ఒప్పో నేను తేల్చబోవటంలేదు, ఆ గ్రామాల రైతుల బాధ డొరతీ ఇంగ్లీష్ బాధే. నేను చూసేది ఒకటే. రెండుసార్లూ గీత మార్చింది ఒక జీవో. ఓటూ లేదు, ఎదురు సాక్ష్యమూ లేదు.

నాన్న తిరిగి వెళ్ళేముందు ఒక మధ్యాహ్నం ఆయన్ని కౌంటీ విచారణకి తీసుకెళ్ళాను. చిన్న కేసే, ఎవరో తన స్థలానికి జోన్ మార్చమని అడిగారు. ఆయనకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నేను చెవిలో చెబుతూ కూర్చున్నాను. మొదలుపెట్టగానే వేదిక మీదున్నవాళ్ళు ఒక్కొక్కరే చెప్పారు, ఈ విషయం మీద నన్ను ఫలానావారు కలిశారు, నేను ఫలానా రోజు స్థలం చూసొచ్చాను, నాకు ఇందులో స్వార్థం లేదు అని. అది ఫసానో తీర్పు మిగిల్చిన ఆచారం.

నాన్న నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఎవరెవరు కలిసిండ్రో వాళ్ళే చెప్తున్నరా? పైకి?"

అవును నాన్నా, చెప్పకపోతే కేసు నిలవదు అన్నాను.

ఆ తర్వాత ఆయన అనువాదం అడగలేదు. ఒక్కొక్కరు లేచి మూడేసి నిమిషాలు మాట్లాడుతుంటే, గంట మోగగానే కూర్చుంటుంటే, చివరిదాకా చూస్తూ ఉన్నాడు. కారెక్కాక ఎవరు గెలిచారని కూడా అడగలేదు.

"మన మూడెకరాల సంగతి ఇట్ల నలుగురిలో అడిగి ఉంటే, మనం ఓడిపోయినా బాధ లేకుండెరా" అన్నాడు.